చౌక వస్త్రమున దోషభాగము

మనుస్మృతి యైదవ యధ్యాయమున మాంసభక్షణమును గూర్చిన ప్రకరణములో నొక లెక్క కలదు. జంతువధకు సమ్మతించినవాడు, చంపినవాడు, కోసి ముక్కలు చేసినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు - ఈ యెనమండుగురును ఘాతకులే యని స్మృతికర్త తేల్చినాడు. స్త్రీలను గూర్చియు, శూద్రులను గూర్చియు మనువు చేసిన విధులను మేమంగీకరింపమని మా పాఠకు లెఱుగుదురు. మాంసము తినవచ్చునా, కూడదా యన్న తగవుతోను మా కిప్పుడు పనిలేదు. మమ్మాకర్షించినది ఆ లెక్క వేసిన పద్ధతి. లోకులు కత్తి పట్టినవానిని చూచి యక్కడనే యాగుదురు. ఆతడు కత్తివలన లాభపడినవారి వరుస నంతయు విస్తరి దాక నడచి చూచినాడు. ఎనమండుగురికి పంచుటచేత నొక్కొక్కరికి ఎనిమిదవ వంతు దోషమే యని చెప్పనులేదు.

ఈ లెక్కను మనము కట్టుకొను బట్టకు వేసి చూచినచో నేమి తేలును? దృష్టాంతముగా లాస్ ఏంజెలిస్ నగరమును గైకొందము. చలనచిత్రములకు పేరుపడిన యా నగరము అమెరికాలో కుట్టుపనికి ముఖ్యస్థానమని యెఱిగినవారు తక్కువ. నగరమధ్యమునందలి బట్టల పేటలోను, దాని చుట్టుపట్లను, పాత మేడల పై యంతస్తులలో వేలకొలది జనులు కుట్టు మిషనులముందు కూర్చుండి బ్రదుకుచున్నారు. వారిలో స్త్రీలే యెక్కువ. మెక్సికో, గ్వాటెమాలా, ఎల్ సాల్వడారు దేశములనుండి వచ్చినవారు పెక్కండ్రు, ఆసియా ఖండమువారు కొందఱు. అనేకులకు ఆ దేశమున నుండుటకు కావలసిన పత్రములు లేవు. అమెరికనులు ధరించు బట్టలలో నత్యధికభాగము బంగ్లాదేశము, వియత్నాము, చైనా మున్నగు దేశములలో తయారై యోడలలో వచ్చునదే. అట్లయిన నీ పని యిచ్చట నేల మిగిలియున్నది? వేగము కొఱకు. ఓడకు వారములు పట్టును. ఈ వారము పడుచుపిల్లలు మెచ్చిన గౌను మూడవ వారమునకు దుకాణమున వ్రేలాడవలెనన్నచో సూది పొరుగున నుండవలెను. పొరుగున నుండియు పరదేశపు ధరకే కుట్టవలెను. కష్టమంతయు నీ రెండవ షరతులో నున్నది.

దుకాణదారుడు బట్ట కుట్టింపడు. పేరుగల కంపెనీవద్ద కొనును. కంపెనీయు కుట్టదు, నమూనా గీయించి, గుడ్డ కత్తిరించి గుత్తదారున కిచ్చును. గుత్తదారు తా నొప్పుకొన్నదానిలో కొంత మఱియొక చిన్న గుత్తదారునకు దింపుటయు కలదు. ఇన్ని చేతులు దాటి వచ్చిన ధరలోనుండి కుట్టువారికి పీసు లెక్కను కూలి కట్టుదురు: చేయి యతికిన నింత, అంచు మడిచిన నింత, లేబులు తగిలించిన నింత. పీసునకు రెండు మూడు సెంట్లు మొదలు ఐదాఱు సెంట్లవఱకు ముట్టుచున్నదని కార్మికుల పక్షమువారు పలుమాఱులు వెల్లడించియున్నారు. ఐదు సెంట్లే యనుకొందము. గంటకు 15 డాలర్లు రావలెనన్నచో 300 చేతు లతుకవలెను. అనగా 12 సెకండ్ల కొకటి. నడుమ దారము తెగరాదు, దాహము వేయరాదు. మా లెక్కల తరగతిలో బాలుర కీ ప్రశ్న యిచ్చినచో జవాబు సరిగనే చెప్పుదురు. అది మనుష్యులకు సాధ్యమా యని యడుగుట మాత్రము మన పాఠ్యగ్రంథములలో లేదు.

గుత్తదారును రాక్షసునిగా చిత్రించుట సులభము. కాని యాతడును తఱచుగా వలసవచ్చినవాడే. అద్దె గదిలో నాలుగు మిషనులు వేసికొని, పైవారు చెప్పిన ధర కొప్పుకొననిచో పని ప్రక్కమేడకు పోవునను భయముతో నిదురించువాడు. అయినను చిరకాలము చట్టము దృష్టిలో యజమాని యాతడే. ఫిర్యాదు వచ్చిననాడు గదికి తాళమువేసి, వేఱొక వీథిలో వేఱొక పేరుతో తెఱచును. యజమాని యైనవానికి చెల్లించు శక్తి లేదు. చెల్లించు శక్తి గలవారు యజమానులము కామందురు. ఈ వరుసలో బట్టతోపాటు మఱియొక సరకు కూడ తయారగుచున్నదని మాకు తోచును. అది నిర్దోషిత్వము. పైయంతస్తు కేగినకొలది దాని నాణ్యము హెచ్చును.

1995వ సంవత్సరము ఆగష్టు 2వ తేదీన లాస్ ఏంజెలిస్‌నకు తూర్పున నున్న ఎల్ మాంటె పట్టణములో నధికారు లొక యిండ్ల సముదాయముపై దాడిచేసిరి. చుట్టును ముండ్లతీగె, కిటికీలకు పలకలు, కావలివారు. లోపల 72 మంది థాయ్‌లాండు దేశీయులు, స్త్రీలే పెక్కండ్రు. కొందఱు ఏడేండ్లుగా నందే యుండిరి. తమ్ము దేశము దాటించిన ఖర్చు అప్పుగా వ్రాసి, అది తీరవలెనని వారిచే రాత్రింబగళ్లు కుట్టించుచుండిరి. పాఱిపోయినచో స్వదేశమునందలి తలిదండ్రులకు కీడు మూడునని బెదరించుచుండిరి. అప్పుసంకెల యెట్టిదో తెలుగువారికి వివరింపనక్కఱలేదు. కరీంనగరము, నిజామాబాదు ప్రాంతముల పల్లెలనుండి, వడ్డీకి తెచ్చిన సొమ్ము ఏజెంటు చేతిలో పోసి గల్ఫు దేశములకు పోయినవారి యిండ్లు మనలో నెన్ని లేవు! విమాన మెక్కకముందే వారి రెండేండ్ల రెక్కల కష్టము ఖర్చయిపోవును.

ఆ యిండ్లలో కుట్టిన బట్టలు, నగరములో నందఱికి కనబడునట్లు నడుపుచుండిన మఱియొక కుట్టుగది సరకుగా చెల్లుబడియై, పేరుమోసిన దుకాణములకు చేరెను. విడిపింపబడినవారికి మొదట లభించిన దేమి? పత్రములు లేవని వలసశాఖవారు వారిని నిర్బంధించిరి. సహాయకులు పట్టుబట్టి పోరాడగా తొమ్మిది దినములకు బయటపడిరి. పిదప వారు గుత్తదారులతో తృప్తిపడక కంపెనీలపైనను దుకాణములపైనను వ్యాజ్యము తెచ్చిరి. మేము యజమానులము కామని కంపెనీలు వాదించెను. ఆ మాటతోనే వ్యాజ్యమును కొట్టివేయుటకు 1996లో న్యాయస్థానము సమ్మతింపలేదు. తుదకు రాజీలలో ముట్టిన సొమ్ము 40 లక్షల డాలర్లకు పైబడినది. ఈ 72 మంది మనుస్మృతి పేరు విన్నవారు కాకపోవచ్చును; వరుసను పైదాక లెక్కింపవలెనని మాత్రము న్యాయస్థానమునకు నేర్పినవారు.

శాసనకర్తలు వారి వెనుక నెమ్మదిగా నడచిరి. 1999లో కాలిఫోర్నియా రాష్ట్రము కంపెనీలను కూలికి పూచీదారులనుగా చేసెను. ఆ శాసనపు మాటలలో నున్న సందులగుండ పలువురు జాఱిపోయిరి. 2021 సెప్టెంబరు 27వ తేదీన సంతకమై, 2022 జనవరి 1వ తేదీనుండి యమలైన క్రొత్త శాసనము, కార్మికసంఘముల యొడంబడిక యున్నచోట తప్ప, పీసు లెక్కను నిషేధించి గంటకూలిని విధించెను. కుట్టించిన సంస్థ యెన్ని చేతుల కావల నున్నను ఎగవేసిన కూలికి బాధ్యురాలని చెప్పెను. అయినను 2022లో కేంద్ర కార్మికశాఖవారు దక్షిణ కాలిఫోర్నియాలో 50కి పైబడిన గుత్తదారులను, తయారుదారులను పరీక్షింపగా, నూటికి 80 తావుల కూలి చట్టమునకు భంగము కనబడెను. ఒకచోట గంటకు ముట్టినది 1 డాలరు 58 సెంట్లు. దేశమంతటికిని 2009 నుండి యున్న కనీసకూలి 7 డాలర్ల 25 సెంట్లు.

ఇట్లేల? ఫిర్యాదు చేయవలసినది ఆ స్త్రీయే గనుక. పత్రములు లేకున్నను చేసిన పనికి కూలి యడుగు హక్కు ఆ రాష్ట్రమున కలదు. కాని 2025 జూన్ 6వ తేదీన వలసశాఖవారు ఆ బట్టల పేటలోనే యొక వర్తకస్థలముపై దాడిచేసి పనివారిని పట్టుకొనిపోయిరి. అది కన్నులార చూచిన తల్లి, తనకు రావలసిన కూలికై యే కచేరీ మెట్లెక్కును?

వారు తామై వచ్చిరి, స్వదేశముకంటె నిదియే మేలని యెంచిరి, మనకేమి యని వాదించువారు కలరు. వచ్చుట కొప్పుకొన్నది నిజమే. కాని మేలు కోరి నదిని దాటినవాడు పడవవాని దోపిడికి కూడ సమ్మతించినట్లు వ్రాసికొనుట ఏ తర్కము? ఇంతకంటె గట్టిది వేఱొక వాదము: చౌకబట్ట బీదల మేలుకొఱకే గదా యని. దీనిని మేము తేలికగా త్రోసివేయజాలము. బీదయింటి బిడ్డకు పండుగనాడు క్రొత్తగౌను దొరకుట మంచిదే. అయితే లెక్క చూడుడు. ఒక గౌనునకు పది కుట్లని, కుట్టునకు ఐదు సెంట్లని యనుకొన్నచో కుట్టుకూలి యంతయు అరడాలరు. దానిని రెట్టింపు చేసినను హెచ్చునది మఱియొక అరడాలరు. ఆ గౌను కొను బీదరాలు పలుమాఱు ఆ గౌను కుట్టిన బీదరాలే యనుటయు మఱువరాదు. కూలిలో డాలర్లు పోగొట్టుకొని ధరలో సెంట్లు మిగుల్చుకొనుమని ఆమెకు బోధించుట ధర్మశాస్త్రము కాదు, దానికి సరియైన పేరు మేమిక్కడ వ్రాయము.

ఇక కొన్నవారి మాట. 1899లో అమెరికాలో గృహిణుల యుద్యమముగా జాతీయ వినియోగదారుల సంఘము వెలసెను. ఫ్లారెన్స్ కెల్లీ యను విదుషి దానికి కార్యదర్శిని. మంచి పరిస్థితులలో కుట్టిన లోదుస్తులకు తెల్లలేబు లిచ్చి, అది యున్నవే కొనుడని వారు ప్రచారము చేసిరి. ఆ కృషి మాకెంతో గౌరవపాత్రము. అయినను లేబులు తనిఖీకి లోబడినవారినే పట్టును, చీకటిగదిని పట్టలేదు. కొనుట మానినచో సరిపోవునా? మొదట రొట్టె పోవునది కుట్టుదానికే. కాబట్టి గృహస్థుని దోషము కొనుటలోకంటె, మనువు మొట్టమొదట లెక్కించినవానియందు, అనగా సమ్మతించినవానియందు, అధికముగా నున్నదని మా యభిప్రాయము. బేరమందు నోరు పెద్దది చేసి, శాసనము విషయమున నోరు మూసికొనువాడు సమ్మతించినవాడే.

కాలిఫోర్నియాలో చేసిన శాసనము రాష్ట్రపు సరిహద్దు దాటదు. దానివంటి నియమములను దేశమంతటికిని వ్యాపింపజేయు బిల్లొకటి 2022లో అమెరికా కాంగ్రెసున ప్రవేశపెట్టబడి, శాసనము కాకయే ఆ సభ గడువు ముగిసెను. ఆ దేశమున స్థిరపడి ఓటుహక్కు పొందిన తెలుగు కుటుంబములు వేలకు వేలు కలవు. మా పాఠకుల కుమారులును, కుమార్తెలును, అల్లుండ్రును అందు కలరు. సెలవులకు వచ్చునప్పుడు వారు మనకు తెచ్చు పెట్టెలో చొక్కాలుండును. అచ్చటి ప్రతినిధికి వ్రాయు జాబునకు పట్టు సమయము, ఆ చొక్కాకు తగ్గింపుధర వెదకుటకు పట్టినదానికంటె తక్కువ.