గోతమి అడిగిన తీరు, ఆనందుడు అడిగిన తీరు

బుద్ధుణ్ణి భోజనానికి పిలిచినవాళ్లకు జవాబు మాటల్లో దొరికేది కాదు. ఆయన ఊరుకుంటే ఒప్పుకున్నట్టే. వాళ్లు నమస్కరించి వంట ఏర్పాట్లలో పడేవాళ్లు. కాదనాల్సి వస్తే మాత్రం నోరు విప్పేవాడు. వైశాలిలో లిచ్ఛవులు విందుకు పిలిస్తే, ఆ పూటకు ఆమ్రపాలికి ముందే మాటిచ్చానని సూటిగా చెప్పేశాడు. గణిక కోసం ప్రభువులను వెనక్కి పంపడానికి సాకులేవీ వెతకలేదు.

అంత తేలిగ్గా కాదనగలిగినవాడు పెంచిన తల్లి దగ్గర ఏం చేశాడు?

మహాప్రజాపతి గోతమి ఆయనకు పినతల్లి. మాయాదేవి పోయాక పాలిచ్చి పెంచింది. కపిలవస్తులో ఆయన దగ్గరికి వచ్చి, స్త్రీలకూ సన్యాసం ఇప్పించమని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ వద్దన్నాడని వినయపిటకంలోని చుల్లవగ్గ చెబుతుంది. ఎందుకు వద్దో చెప్పలేదు. ఆమె వాదించలేదు. జుట్టు తీయించుకుని, కాషాయం కట్టి, శాక్య స్త్రీలను వెంటబెట్టుకుని, బుద్ధుడు అప్పటికి బస చేసిన వైశాలికి నడిచింది. వాచిన కాళ్లతో, ఒళ్లంతా దుమ్ముతో, వాకిట్లో ఏడుస్తూ నిలబడింది.

బుద్ధుడి వెంట ఉండే శిష్యుడు ఆనందుడు చూశాడు. లోపలికి వెళ్లి అదే కోరిక మూడుసార్లు విన్నవించాడు. అదే జవాబు. అప్పుడు దారి మార్చాడు: ఇల్లు విడిచి సాధన చేస్తే స్త్రీలు అర్హత్వం, అంటే పూర్తి విముక్తి, పొందగలరా? పొందగలరన్నాడు బుద్ధుడు. అలాగైతే, పాలిచ్చి సాకిన గోతమికి... అంటూ ఆనందుడు అందుకున్నాడు. భిక్షుణులు పాటించాల్సిన ఎనిమిది నియమాల, అంటే గురుధర్మాల, షరతు మీద అనుమతి దొరికింది.

చిక్కంతా ఇక్కడే. గోతమి కోరింది వరం, ఇవ్వొచ్చు, మానొచ్చు. ఆనందుడు అడిగింది సిద్ధాంతం. అక్కడ బుద్ధుడు కాదంటే తన బోధనే కాదన్నట్టు. తర్కం గట్టిదే. కానీ స్త్రీల యోగ్యత ఆ ప్రశ్నతో పుట్టలేదు, గోతమి మొదటిసారి అడిగిన రోజూ ఉంది. కాళ్లు వాచేలా నడిచినామెకు దక్కనిది, మాట తిప్పి అడిగినవాడికి దక్కడం ఏం న్యాయం? ఈ కథ చరిత్రేనా అని సందేహించే పండితులున్నారు. కల్పనే అనుకున్నా, మధ్యవర్తి లేకుండా ఆ అనుమతి దొరకడాన్ని కథ కల్పించినవాళ్లు కూడా ఊహించలేకపోయారు.

భిక్షుణీ సంఘమైతే నిలిచింది. అమరావతి స్తూపానికి దానాలిచ్చినవారిలో భిక్షుణులూ ఉన్నారని అక్కడి శాసనాలే చెబుతాయి.

గురుధర్మాల్లో మొదటిది: దీక్ష పుచ్చుకుని నూరేళ్లయిన భిక్షుణి కూడా, ఆ రోజే దీక్ష పుచ్చుకున్న భిక్షువుకు నమస్కరించాలి. దీక్షలో ఎవరు పెద్దయితే వారికే నమస్కారం ఉండాలని గోతమి తర్వాత కోరింది. ఈసారి ఆనందుడి చేతే అడిగించింది. ఇతర మతాలవాళ్లే ఒప్పుకోనిది తానెలా ఒప్పుకుంటానన్నాడు బుద్ధుడు. కనీసం కారణం చెప్పాడు.

బుద్ధుడి నిర్యాణం తర్వాత రాజగృహంలో సమావేశమైన పెద్దలు, స్త్రీల ప్రవేశానికి పాటుపడటం తప్పని ఆనందుణ్ణి నిలదీశారు. అందులో తనకు తప్పేమీ కనిపించడం లేదని, అయినా వారి మీద విశ్వాసంతో ఒప్పుకుంటున్నానని ఆయన జవాబిచ్చాడు.