బతికుండగా రాసిన పేరు

డుంబ్రిగుడ దగ్గర మా ఊళ్ళో కాఫీ పళ్ళు కోసే రోజులు. పొద్దంతా తోటలో ఉండి వచ్చి, రాత్రి మంట దగ్గర కూర్చున్నాం. నా ఒళ్ళో డిగ్రీ చరిత్ర పుస్తకం. పెద్దమ్మకి చదువు రాదు. నేను చదివింది చెబితే ఆమె అడిగే ప్రశ్నలకి జవాబు వెతుక్కోవడమే నాకు అసలు చదువు.

పెద్దమ్మ: ఈరోజు ఎవరి కథ అమ్మీ?

నేను: ఫ్రాంకులదే పెద్దమ్మా. ఇప్పటి ఫ్రాన్సు, జర్మనీ ప్రాంతాలని పద్నాలుగు పదిహేను వందల ఏళ్ళ కిందట ఏలారు. తండ్రి పోతే పొలం పంచుకున్నట్టు కొడుకులు రాజ్యాన్ని పంచుకునేవారు. 511లో క్లోవిస్ పోతే నలుగురు కొడుకులకీ నాలుగు వాటాలు. కూతుళ్ళకి సింహాసనం లేదు.

పెద్దమ్మ: అయితే ఆడవాళ్ళకి పెత్తనమే లేదా?

నేను: కోడలిగా, తల్లిగా వచ్చేది. స్పెయిన్ నుంచి వచ్చిన రాణి బ్రూన్‌హిల్డ్ భర్త సిగెబెర్ట్‌ని 575లో చంపించారు. చిన్న కొడుకు రాజయ్యాడు. ఆ కొడుకు పేరు మీద, తర్వాత మనవల పేరు మీద, చివరికి మునిమనవడి పేరు మీద ఆమె రాజ్యాన్ని నిలబెట్టాలని చూసింది. 613లో ఓడి పట్టుబడితే, ఆ ముసలి వయసులో గుర్రానికి కట్టి ఈడ్పించి చంపారు. బాల్తిల్డ్ అనే ఇంకో రాణి బానిసగా వచ్చింది. క్రైస్తవుల్ని బానిసలుగా అమ్మడాన్ని ఆపించింది. కొడుకు పెద్దవాడయ్యాక ఆమె పెత్తనం పోయింది, షెల్ మఠంలో మిగతా బతుకు గడిపింది.

పెద్దమ్మ: ఎరువు సొమ్ము బరువు చేటు అన్నారు. వాళ్ళ చేతిలో ఉన్నదంతా ఒకరి దగ్గర ఎరువు తెచ్చుకున్నదే.

నేను: అందుకే ఓరుగల్లుని ఏలిన మన రుద్రమదేవి వేరు. ఆమెకి అధికారం భర్త వల్లా రాలేదు, కొడుకు వల్లా రాలేదు. భర్త వీరభద్రుడు నిడదవోలు చాళుక్యుడు, ఓరుగల్లు ఆయనది కాదు. తండ్రి గణపతిదేవుడు తాను ఉండగానే ఆమెని పక్కన కూర్చోబెట్టాడు. ఆమె తర్వాత కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు రాజయ్యాడు.

పెద్దమ్మ: ఏ పేరు పెట్టి కూర్చోబెట్టాడు?

నేను: రుద్రదేవ మహారాజు అని.

పెద్దమ్మ: అంటే కూతురికి ఇచ్చాడా, కూతుర్ని కొడుకుని చేసి ఇచ్చాడా?

నేను: పేరు పైతొడుగే కదా పెద్దమ్మా. చేసిన పని చూడాలి. 1261 నాటి మల్కాపురం శాసనం ఉంది. తండ్రి ఇస్తానన్న మందడం గ్రామానికి వెలగపూడిని కలిపి ఆమె శైవ గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి ఇచ్చింది. ఆ రాబడిలో ప్రసూతిశాలకీ భాగం ఉంది.

పెద్దమ్మ: పని గొప్పదే. పేరుకి విలువ లేకపోతే మార్చడం ఎందుకు మరి?

జవాబు దొరకలేదు. యూరప్ నుంచి వచ్చిన యాత్రికుడు మార్కో పోలో గుర్తొచ్చాడు. మోటుపల్లి ప్రాంతం గురించి రాస్తూ, అక్కడి రాణి న్యాయంగా పాలిస్తుందని మెచ్చుకున్నాడు. కానీ ఆమెని చనిపోయిన రాజు భార్య అనుకున్నాడు. ఏలే ఆడమనిషి కనిపిస్తే ఆమె మొగుడెవరని వెతకడమే ఆయన ఎరిగిన లోకం తీరు. ఇక్కడివాళ్ళు మగపేరు తొడిగారు. అక్కడివాళ్ళు మగవాడి నీడలో నిలబెట్టారు. ఆడదాన్ని ఆడదానిగా గద్దె మీద చూడడానికి రెండు లోకాలకీ ధైర్యం చాలలేదు.

పెద్దమ్మ లేచి, ఇంట్లోంచి ప్లాస్టిక్ సంచిలో చుట్టిన కాగితం తెచ్చింది. పోడు పట్టా. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం మొగుడూపెళ్ళాలకి ఉమ్మడిగా రాయాలి.

పెద్దమ్మ: ఇద్దరి పేర్లూ ఉన్నాయా?

నేను: ఉన్నాయి. నీ పేరు నీ పేరుగానే ఉంది.

పెద్దమ్మ: మీ పెదనాన్న ఉండగానే రాశారు. ఆయన పోయాక నేను ఎవరి పేరు చెప్పుకునీ ఈ తోటలో అడుగు పెట్టలేదు. గణపతిదేవుడు ముందుగానే ఇచ్చాడు చూడు, అది మంచి పని. కానీ కూతురి పేరుతోనే ఇచ్చుంటే ఇంకా మంచిపని అయ్యేది.

నేను: మరి నీ తర్వాత ఈ తోట?

ఆమె చాలాసేపు మంటకేసి చూసింది.

పెద్దమ్మ: నా కొడుకుతో పాటు కూతురికీ భాగం ఉందని రేపే నలుగురి ముందూ చెబుతాను. నేను బతికుండగానే చెప్పాలి.