హృదయము మార్చిన రథము

మా ప్రాంతమున కపిలబావులు నడచిన దినములను నేను బాల్యమున చూచితిని. ఎడ్లు లాగిన కపిల పోయి ఆయిలు ఇంజను వచ్చెను. అది పోయి విద్యుత్తు మోటారు వచ్చెను. తుదకు బావియే యెండి, బోరు వేయవలసి వచ్చెను. ఐనను ఆ చేనికి 'పెద్దబావి చేను' అను పేరు నేటికిని మారలేదు. నీరు తోడు సాధనము మారినంత మాత్రమున చేనే మారినదని మాలో నెవ్వరును తలంపలేదు.

ఒక వస్తువునకు ప్రాణమువంటి భాగమును తీసి వేరొకటి నిలిపిన పిదప, అది పూర్వపు వస్తువేనా? ఈ ప్రశ్న పండితులకు మాత్రమే చెందినదని నేను చాలకాలము భావించితిని. రెండేండ్ల క్రిందట అది మా ఇంటి గుమ్మము త్రొక్కెను.

చింతామణిలో నా మేనల్లుడొకడు కలడు. వానికి పాతకార్లపై మిక్కిలి మక్కువ. బెంగుళూరునుండి ఒక డాల్ఫిను కారును కొని తెచ్చెను. నేటి యువకులు ఆ పేరు వినియుండరు. ఇంగ్లండులో రిలయంటు కంపెనీవారు 1975 మొదలు 1982 వరకు 'కిట్టెన్' అను చిన్నకారును చేసిరి. దాని ఆధారముననే బెంగుళూరు సిపానీ సంస్థవారు 1982లో డాల్ఫినును వెలువరించిరి. క్రింద ఉక్కు చట్రము, పైన ఇనుపరేకునకు మారుగ ఫైబర్‌గ్లాసు తొడుగు, 848 సీసీల ఇంజను. తయారీ నిలిచి చాలకాలమైనందున విడిభాగములు దొరకుట దుర్లభము.

మా వాడు ఆ వృద్ధ ఇంజనును దింపి, మారుతీ జిప్సీకి చెందిన 1298 సీసీల ఇంజనును అందు నిలిపెను. మారుతీ 800లో ఇంజను అడ్డముగ నుండి ముందుచక్రములను త్రిప్పును. జిప్సీలోనిది నిలువుగ నుండి వెనుకచక్రములకు శక్తి నంపును. డాల్ఫినును వెనుకచక్రముల బండియే గనుక జిప్సీది కుదిరినది. ఐనను చట్రమునకు క్రొత్త పట్టులు వెల్డింగు చేయించి, వెనుకకు శక్తినందించు షాఫ్టును కోయించి, పెద్ద రేడియేటరును తగిలింపవలసి వచ్చెను. నాలుగు మాసములు పట్టినది. లక్షన్నర రూపాయలు కరగినవి.

ఇట్టి కూర్పు లోకమున క్రొత్త గాదు. ఇంగ్లండులో 1957 నుండి లోటస్ సెవెన్ అను కారును విడిభాగములుగ అమ్ముచుండిరి. కొన్నవారు ఇంటనే బిగించుకొనెడివారు. కూర్చిన కారుపై కొనుగోలుపన్ను కలదు, భాగములుగ కొన్నచో లేదు. 1973లో ఆ కారును చేయు హక్కు కేటర్‌హామ్ సంస్థకు సంక్రమించెను. తరువాతి కాలమున అందు ఫోర్డు ఇంజనులను, రోవరు ఇంజనులను అమర్చిరి. అట్టి బండ్లకు ఇంజను మారుట అపచారము గాదు. వాని పుట్టుకయే కూర్పు.

ఇక తత్త్వవిచారము. విక్రమార్కునకు బేతాళుడు చెప్పిన కథలలో తలలు మారిన కథ యొకటి కలదు. ఒక యువతి తొందరలో భర్తతలను వేరొకని మొండెమునకు, వాని తలను భర్త మొండెమునకు అతికించెను. భర్త యెవడు? అవయవములలో తలయే ప్రధానము గనుక భర్తతల గలవాడే భర్త యని రాజు తీర్పు చెప్పెను. నాగసేనుడు మిళిందునితో వేరొక రీతిగ వాదించెను. ఇరుసు రథము గాదు, చక్రము రథము గాదు, నొగ రథము గాదు, అన్నియు కూడినపుడు వ్యవహారమునకై మన మిడిన పేరే రథము. మన వినాయకునకో తలయే మారినది. ఐనను పార్వతి 'వీడు నా బిడ్డ' యనెను. ఆ మాటతో వివాదము ముగిసినది.

మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, జీవితమంతయు రిజిస్టర్లు వ్రాసిన నేను ఈ మువ్వురిలో నెవరిని ఖండింపగలను? ఐనను నాకు తోచినది విన్నవింతును. వస్తువు అదియా, కాదా యను ప్రశ్నకు సమాధానము వస్తువునందు మాత్రమే లేదు. ఆ పేరును నమ్మి దాని దరిచేరువానియందును కలదు. పేరనునది ఒక వాగ్దానము.

అంబాసిడరు కారును చూడుడు. దశాబ్దములపాటు అది 1489 సీసీల ఇంజనుతో తిరిగెను. 1990వ దశకపు తొలి సంవత్సరములలో తయారుచేయువారే అందు ఇసుజు 1800 సీసీల ఇంజనును, అయిదు గేర్ల పెట్టెను నిలిపిరి. ఆ మార్పును దాచలేదు, కారు పేరుతోపాటే ప్రకటించిరి. జనులును దానిని అంబాసిడరనియే పిలిచిరి, ఎవ్వరును వంచితులు గాలేదు.

మా వానికి డబ్బు అవసరమై, కారు నమ్మదలచెను. బాగేపల్లినుండి ఒక ఉపాధ్యాయుడు వచ్చి, చూచి, ముచ్చటపడి ఇరువదివేలు బయానా ఇచ్చెను. కుమార్తెను ప్రతిదినము చిక్కబళ్ళాపురమునందలి కళాశాలకు తీసికొనిపోవుటకు ఆయనకు బండి కావలెను. అమ్మకపు పత్రము వ్రాయుమని మేనల్లుడు నన్ను కోరెను. ఆర్.సి. పుస్తకమున పాత ఇంజను సంఖ్యయే యున్నది.

"మామా, బండి అదే కదా! ఇంజను నంబరు మాట మనమెందుకు ఎత్తాల? అడిగితే చెబుదాం" అనెను.

"అడగడు నాయనా. అడగాలని తెలిసుంటే కదా అడిగేది!" అంటిని.

నేను ఇట్లనుటకు కారణము కలదు. ఉద్యోగకాలమున ఒకనాడు, మూలపత్రమును చూడకయే ఒక నకలుపై 'మూలముతో సరిచూచితిని' అని వ్రాసి సంతకము చేసితిని. జన్మతేదీలో ఒక అంకె తప్పు. ఒక వితంతువునకు ఎనిమిది మాసములు పింఛను రాలేదు. ఆమె నన్ను నిందింపలేదు. వ్రాసినది నేనేయని ఆమెకు తెలియదు. ఆ తెలియకపోవుటయే నన్ను నేటికిని బాధించును.

చట్టమును స్పష్టమే. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ఇట్టి మార్పులకు హద్దులు గీచినది. తయారుచేసినవారి మూలవివరములకు విరుద్ధముగ వాహనమును మార్చరాదని 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. కాని చట్టమునకు వెనుక ఒక ధర్మము కలదు. మా వాడు ఇంజనును మార్చెను గాని బ్రేకులను మార్చలేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండిని ఆపుటకంటె, 90 కిలోమీటర్ల వేగమున పోవుదానిని ఆపుటకు బ్రేకులకు రెండుంబావు రెట్లు పని. ఆ తేలికబండి జాతీయ రహదారిపై క్రొత్తబలముతో పరుగెత్తును, పాతబలముతో ఆగవలెను. లోపల కూర్చుండునది ఆ బాలిక. శక్తిని పెంచినవాడు నిగ్రహమును గూడ పెంచవలెను. యంత్రములకే గాదు, ధనమునకు, అధికారమునకు గూడ ఇదియే నియమము.

మేనల్లుడు రాత్రియంతయు ఆలోచించి, ఉదయమున బాగేపల్లికి పోయి ఉన్నదున్నట్లు చెప్పెను. ఉపాధ్యాయుడు నమస్కరించి, కారు వలదనెను. బయానా అప్పటికే ఖర్చైనందున, దానిని తిరిగి యిచ్చుటకు మా వాడు భార్య గాజులను కుదువబెట్టెను. మా అక్క నాతో మాటలు మానెను. ఆ ఉగాదికి వారింటినుండి పిలుపు రాలేదు.

అపుడు నాకొక సంగతి తెలిసినది. సత్యము చెప్పుమని బోధించుట సులభము. దాని వెలను వేరొకరు చెల్లించునప్పుడు మరింత సులభము. నేను బ్యాంకునుండి పదివేలు తీసి మేనల్లుని చేతిలో పెట్టితిని. "ఇది దానము గాదు, నా వంతు" అంటిని. మిగిలిన సగము వాడు సంపాదించి, గాజులను విడిపించెను. దీపావళికి అక్క స్వయముగ వచ్చి పిలిచినది.

కారిప్పుడు చింతామణిలో చింతచెట్టు క్రింద నున్నది. జిప్సీ ఇంజనును దింపినారు. పాత ఇంజను భాగములు వరండాలో గోనెపై పరచియున్నవి. సిలిండరు పని ముగిసినది. పిస్టను రింగుల కొరకు మా వాడు బెంగుళూరు పాతసామానుల అంగళ్ళను గాలించుచున్నాడు.

కన్నడ దేశమున తెలుగు మాటలాడుచు బ్రతుకు మనము కాలానుగుణముగ ఎన్నియో మార్చుకొంటిమి, ఇకముందును మార్చుకొందుము. మార్పు దోషము గాదు. మార్చినదానిని మార్చితిమని చెప్పుట, మార్చిన బలమునకు తగిన కళ్ళెమును గూడ వేయుట, ఈ రెండును మరువకున్న చాలును. ఇందు పొరపాటున్న పెద్దలు మన్నించి దిద్దుదురుగాక.