ప్రేక్షకధర్మము

ఆటలాడువానికి ధర్మములు కలవని అందరును అంగీకరింతురు. నియమమును మీరరాదు, అంపైరు తీర్పును శిరసావహింపవలెను, గెలుపునకు పొంగరాదు, ఓటమికి క్రుంగరాదు. ఈ మాటలు బడిపిల్లలకు గూడ తెలిసినవే. కాని ఆట చూచువానికి ఏదైన ధర్మము కలదా? టిక్కెట్టు కొనినంతనే అతని బాధ్యత తీరిపోవునా? అసలు చూచుటకే రానిచో దానివలన ఎవ్వరికైన నష్టము కలదా?

జనము తండోపతండములుగా వచ్చుచున్న దినములలో ఈ ప్రశ్న పుట్టుటకు తావు లేకుండెను. నేడు రంజీ పోటీలు జరుగు మైదానములను చూచినచో అది తనంత తానే పుట్టును. వేలకొలది మంది కూర్చుండదగిన గ్యాలరీలలో అచ్చటచ్చట కొలదిమంది కనబడుదురు. పెక్కుచోట్ల ప్రవేశమునకు రుసుము గూడ లేదు. అయినను జనము రారు. ఆట తక్కువదా యన్నచో, మన దేశమున దీనికంటె ప్రియమైన ఆట లేదు. ఆడువారు తక్కువవారా యన్నచో, వారు దానినే వృత్తిగా స్వీకరించినవారు. 2021లో చేసిన నిర్ణయము ప్రకారము 40 ఆటలకు మించి ఆడిన క్రీడాకారునికి ఆటదినమునకు 60,000 రూపాయల పారితోషికము ఏర్పడినది. ఆడువానికి ఆదాయము పెరిగినది. చూచువారి సంఖ్య తరిగినది. ఈ వైపరీత్యము ఆలోచింపదగినది.

ఈ పోటీల చరిత్ర మన దక్షిణదేశముననే ఆరంభమైనది. 1934 నవంబరు 4వ తేదీన మద్రాసు చేపాక మైదానమున మద్రాసు, మైసూరు జట్లు తొలి ఆట ఆడినవి. అది ఒక్క దినముననే ముగిసినది. అంతకు ఎనిమిదేండ్లు పూర్వము, 1926లో, బొంబాయి జింఖానా మైదానమున ఇంగ్లండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై కొఠారి కనకయ్య నాయుడుగారు 11 సిక్సరులతో 153 పరుగులు తీసిరి. ఆనాడు చోటు చాలక జనులు చెట్లకొమ్మలపైనను, ఇండ్ల కప్పులపైనను నిలిచి చూచిరని చెప్పుకొందురు. 1974లో బెంగళూరున జరిగిన సెమీఫైనలు ముచ్చట కన్నడదేశపు పెద్దలు నేటికిని తలచుకొందురు. 1958-59 మొదలుకొని పదునైదేండ్లు వరుసగా విజేతగా నిలిచిన బొంబాయి జట్టును ప్రసన్న నాయకత్వమున కర్ణాటకజట్టు ఆపినది ఆ ఆటలోనే.

ఆ కాలపు ప్రేక్షకునికి జట్టు అనగా ‘మన ఊరివారు’. ఆడువారిలో పలువురు రైల్వేలోనో, బ్యాంకులోనో పనిచేయువారు. నిన్న కౌంటరువద్ద రసీదు వ్రాసి యిచ్చినవాడు నేడు బంతి వేయుచున్నాడనగా చూచువానికి కలుగు కుతూహలమే వేరు. ఆ ఆటగాడు తప్పిపోయిన క్యాచి మరునాడు కచేరిలో చర్చకు వచ్చుచుండెను. ఆటకును ఊరికిని నడుమ రాకపోకలుండెను.

ఇప్పుడు జనము రాకుండుటకు కారణములు లేకపోలేదు. నాలుగైదు దినములు సాగు ఆట పనిదినములలో జరుగును; కూలివాడును, గుమాస్తాయు, దుకాణదారుడును సెలవు పెట్టుకొని కూర్చుండలేరు. 1982లో రంగుల టెలివిజన్ వచ్చినది. మరుసటి యేటనే ప్రపంచకప్పు గెలిచితిమి. అప్పటినుండి ఒక్కపూటలో తేలిపోవు ఆటపై జనమునకు మక్కువ హెచ్చినది. పేరుగాంచిన ఆటగాండ్రు దేశము తరఫున ఆడుటకు విదేశములకు పోవుటచే, తమ రాష్ట్రమున కనబడుట అరుదైనది. ఇక వచ్చిన కొద్దిమందికైనను నీడయు, త్రాగునీరును, శుభ్రమైన మరుగుదొడ్డియు అన్నిచోట్ల దొరకవు. ఈ కారణములలో ఏ యొక్కటియు ప్రేక్షకుని నేరము కాదు.

అన్నింటికంటె పెద్ద కారణము మరొకటి కలదు. ముప్పది యేండ్లకు పైగా జమాఖర్చులు వ్రాసినవాడను గనుక దానిని లెక్కగానే చెప్పెదను. పూర్వము ఆట నడచుటకు గేటువద్ద వసూలగు సొమ్ము ముఖ్యము. అందుచే నిర్వాహకునికి ప్రేక్షకుని అవసరముండెను. 2008లో ఆరంభమైన ఐ.పి.ఎల్. పోటీల ప్రసారహక్కులు 2023 మొదలు 2027 వరకు అయిదేండ్లకు గాను 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయినవి. ఇంతటి జమ ఒక్కపద్దు క్రింద వచ్చుచున్నప్పుడు, రంజీ ఆటకు వచ్చిన ముసలివాడు ఎండలో కూర్చున్నాడా, నీడలో కూర్చున్నాడా యని విచారించు అక్కర ఎవ్వరికుండును? లెక్కపుస్తకములో స్థానము లేనివానికి మైదానములో గూడ స్థానము సన్నగిలును. ఇది ఎవ్వరి దుర్బుద్ధియు గాదు. సొమ్ము వచ్చు దారివైపే చూపు పోవుట లోకసహజము.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. ‘ఐ.పి.ఎల్. ఆటలకు మైదానములు క్రిక్కిరిసియే యున్నవి గదా! జనము ఆటను విడువలేదు, రుచి మార్చుకొనిరి. ఇందులో క్షీణత యేది?’ అని. ఈ మాటలో నిజము కొంత కలదు. రుచి మారుట తప్పు కాదు. రాత్రిపూట పిల్లాపాపలతో వచ్చి మూడుగంటలు ఆనందించి పోవు కుటుంబమును నిందించుట ముసలితనపు చాదస్తమే యగును. కాని చూచుటలో రెండు విధములు కలవు. 2025 జనవరి 30వ తేదీన ఢిల్లీలో రైల్వే జట్టుతో జరిగిన రంజీ ఆటకు వేలకొలది జనము తోసికొని వచ్చిరి. కారణము, పండ్రెండేండ్ల తరువాత విరాట్ కోహ్లీ ఆ పోటీలలో ఆడుచుండెను. మరునాడు అతడు 6 పరుగులకే ఔటయ్యెను. వెంటనే జనము లేచి పోవ మొదలిడెను. ఆట ఇంకను మిగిలియే యున్నది. అతని వికెట్టు తీసిన బౌలరు తన జీవితమున మరపురాని బంతిని అప్పుడే వేసియుండెను. కాని వచ్చినవారికి కావలసినది ఆట గాదు, దర్శనము. దేవుడు పల్లకి యెక్కి పోయిన పిమ్మట గుడి ఖాళీ యగుటవలె మైదానము ఖాళీ యయ్యెను. తలలు లెక్కించినచో ఆనాడు ప్రేక్షకులు పెక్కుమంది. ఆటను చూచినవారు ఎందరో చెప్పుట కష్టము.

రెండవ ఆక్షేపణ యింతకంటె బలమైనది. ‘ఆట వినోదము. వినోదమున ధర్మమేమి? ఇష్టమైన చూతుము, లేనిచో లేదు. రాకుండుట తప్పన్నచో అది బలవంతపు చందా వంటిదగును’ అని. నిజమే. ఎవ్వనిని తాళ్లుకట్టి గ్యాలరీలో కూర్చుండబెట్టలేము. అట్లు కూర్చుండుటలో పుణ్యమును లేదు. అయినను ఆటలో కేవలము వినోదమే యున్నదా యని విచారింపవలెను.

రెండు ఉదాహరణములు చెప్పెదను. 1980 ఫిబ్రవరిలో బొంబాయిలో ఇంగ్లండుతో జరిగిన స్వర్ణోత్సవ టెస్టులో గుండప్ప విశ్వనాథ్ మన నాయకుడు. బాబ్ టేలర్ అను బ్యాట్స్‌మన్ ఔటని అంపైరు తీర్పు చెప్పెను. బంతి బ్యాటునకు తగులలేదని విశ్వనాథ్ నమ్మి, వెళ్లిపోవుచున్నవానిని వెనుకకు పిలిచెను. టేలర్ మరల నిలిచి బోథమ్‌తో కలిసి పెద్ద భాగస్వామ్యము నెలకొల్పెను. మనము ఆ టెస్టు ఓడితిమి. స్కోరు పట్టికను ఎంత తరచి చూచినను ఆ పిలుపు అందులో దొరకదు. అది చూచినవారి కన్నులలో నిలిచి, వారి మాటలచేత మనవరకు వచ్చినది.

రెండవది ఇటీవలిది, మన ఆంధ్రజట్టునకు సంబంధించినది. 2023లో ఇందూరున మధ్యప్రదేశ్‌తో రంజీ క్వార్టర్ ఫైనలు జరుగుచుండగా బంతి తగిలి నాయకుడు హనుమ విహారి మణికట్టు ఎముక విరిగెను. అతడు కుడిచేతి ఆటగాడు. జట్టునకు పరుగులు కావలసియుండగా అతడు మరల మైదానమునకు వచ్చి, దెబ్బతిన్న చేతిని కాపాడుకొనుచు ఎడమచేతి వాటమున నిలిచి ఆడెను. 27 పరుగులవరకు సాగెను. రెండవ ఇన్నింగ్సులో గూడ అట్లే వచ్చెను. ఆంధ్రజట్టు చివరకు ఓడినది. ఆ దృశ్యమును తరువాత సెల్‌ఫోనులలో కొన్ని క్షణములపాటు చూచి మెచ్చుకొన్నవారు లక్షలలో నుందురు. కాని అతడు బాధను దిగమ్రింగుచు ఒక్కొక్క బంతిని కాచుకొన్న ఆ కాలమంతయు, కూడ ఉండి, ఊపిరి బిగబట్టి, ‘మావాడు’ అనుకొనుచు చూచుట వేరు.

ధైర్యమును, నిజాయితీయు సాక్షి లేకున్నను ధైర్యమే, నిజాయితీయే. దానిని నేను కాదనను. కాని సాక్షి లేనిచోట అవి ఒక్కనివై ముగియును. సాక్షి యున్నచో ఊరివై నిలుచును. పురాణము చెప్పువానికి వినువారు లేకున్నను శ్లోకము మారదు. కాని ఆ ఊరికి పురాణము లేనట్లే. ఆటయు నట్టిదే. ఎవరైన ఒకడు తన శక్తికొలది, నియమము తప్పక, అందరి యెదుట పరీక్షకు నిలిచినప్పుడు దానిని చూచి జ్ఞాపకముంచుకొను పని సమాజమునది. ప్రేక్షకధర్మమని నేను చెప్పునది ఈ సాక్ష్యమునే.

సాక్షి యగుట సులభము గాదు. తనవాడు ఓడినప్పుడు గూడ ఉన్నది ఉన్నట్లు చూడవలెను. 1999 జనవరి 31వ తేదీన చేపాక మైదానమున పాకిస్తాన్ జట్టు మనపై 12 పరుగుల తేడాతో టెస్టు గెలిచెను. టెండూల్కర్ 136 పరుగులు చేసియు గట్టెక్కింపలేకపోయెను. గుండె పగిలిన ఆ జనమే లేచి నిలిచి గెలిచినవారికి చప్పట్లు కొట్టెను. పాకిస్తాన్ ఆటగాండ్రు మైదానము చుట్టును తిరిగి ఆ గౌరవమును అందుకొనిరి. మూడువారములు గడువకముందే కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో అవే రెండు జట్లు తలపడినవి. టెండూల్కర్ రనౌట్ అయిన తీరుపై అలజడి చెలరేగినది. చివరి దినమున వస్తువులు విసరుచున్న జనమును పోలీసులు వెలికి పంపిరి. ఖాళీ స్టేడియములో ఆట ముగిసినది. ఒకచోట ప్రేక్షకులు ఆటను నిలబెట్టిరి. ఇంకొకచోట ఆటను నిలబెట్టుటకే ప్రేక్షకులను తొలగింపవలసి వచ్చెను. కనుక గ్యాలరీలు నిండినంతమాత్రమున మేలు జరిగినదని చెప్పరాదు.

ప్రేక్షకుడు లేకున్నను ఆట నడచునను మాటకు 2020లో ఒక పరీక్ష జరిగినది. కోవిడ్ మహమ్మారివలన ఆ యేటి ఐ.పి.ఎల్. పోటీలను అరబ్ ఎమిరేట్స్‌లో, జనము లేని మైదానములలో జరిపిరి. ఆట యథావిధిగా సాగెను. కాని ఆ నిశ్శబ్దమును సహింపలేక, పూర్వము రికార్డు చేసిన జనఘోషను ప్రసారములో కలిపిరి. ప్రేక్షకుని విలువ తెలియుటకు ఇంతకంటె దృష్టాంత మేమి కావలెను? అతడు లేకున్నను సొమ్ము వచ్చును. అతని గొంతు మాత్రము అరువు తెచ్చుకొనవలెను.

ఇక నిర్వాహకుల ధర్మము. సాక్షిని పిలిచినవాడు అతని ప్రాణమునకు పూచీ పడవలెను. 2025 జూన్ 4వ తేదీన బెంగళూరు చిన్నస్వామి స్టేడియము వెలుపల, విజయోత్సవమునకు వచ్చిన జనసమ్మర్దములో త్రొక్కిసలాట జరిగి 11 మంది మరణించిరి. ఆ కుటుంబములకు ఏ విజయము ఆ లోటు తీర్చును? ఒకవంక ఖాళీ గ్యాలరీలు, మరొకవంక ప్రాణము తీయు త్రొక్కిడి – ఈ రెండును ఒక్క మూలమునుండి పుట్టినవే. మనిషిని మనిషిగా గాక, గుంపుగానో, అంకెగానో చూచుటయే ఆ మూలము. నీడ, నీరు, సురక్షితమైన ద్వారము, ముందుగా తెలిపిన ఆటల తేదీలు – ఇవి పెద్ద కోరికలు గావు. ఇవి లేక ‘జనము వచ్చుట లేదు’ అని వాపోవుట, వాకిలి మూసి చుట్టములు రాలేదని వగచుట వంటిది.

చివరగా, తరతరములుగా అన్యరాష్ట్రములలో స్థిరపడిన మనవంటి తెలుగువారిని గూర్చి ఒక మాట. ‘ఇచ్చటి జట్టు మనదా?’ యని కొందరు సందేహింతురు. నాయుడుగారి జీవితమే దీనికి సమాధానము. 1895లో నాగపురమున తెలుగు కుటుంబమున జన్మించిరి. 1932లో లార్డ్స్ మైదానమున భారతదేశపు తొలి టెస్టునకు నాయకులైరి. ఇందూరు హోల్కరు జట్టును నడపిరి. 1953-54లో ఆంధ్రజట్టు తొలిసారి రంజీ బరిలో దిగినప్పుడు దానికిని వారే నాయకులు. అరువదియేండ్లు దాటిన పిమ్మట ఉత్తరప్రదేశ్ తరఫున గూడ ఆడిరి. ఏ జట్టులో నిలిచిన ఆ జట్టు వారిదే; ఏ మైదానములో ఆడిన ఆ ఊరు వారిదే. ఆడువానికి ఇది సాధ్యమైనప్పుడు చూచువానికి ఏల సాధ్యము కాదు? మనము అన్నము తిను నేలపై ఆడు కుర్రవాడు మనవాడే.

అందుచే పాఠకమహాశయులకు నా విన్నపము చిన్నది. పదవీవిరమణ చేసినవారికి పనిదినమను అడ్డంకి లేదు. ఈ చలికాలమున మీ ఊరిలో రంజీ ఆట జరిగినచో, పేరుగలవారు ఆడుచున్నారా యని విచారింపక, ఒక్కదినము పోయి కూర్చుండుడు. బడికి సెలవున్నచో మనుమనినో, మనుమరాలినో వెంట తీసికొనిపొండు. త్రాగునీరు ఇంటినుండియే పట్టుకొనిపోవుట మంచిది. సాయంకాలమున ఎండ వాలి, ఎవ్వరికిని తెలియని యొక కుర్ర బౌలరు అలసటతో చివరి ఓవరు వేయుచున్నప్పుడు లేచి రాకుడు. ఆ ఓవరు ముగిసినదాక ఉండి, అతడు బాగుగా వేసినచో రెండు చప్పట్లు కొట్టి రండు.