రంగు కింద ఏముంది?

కొత్త ఒక వింత, పాత ఒక రోత అని మన పెద్దలు ఎప్పుడో అన్నారు. ఈ మాట ఎంత నిజమో తెలియాలంటే భోగి నాడు తెల్లవారుజామున మన చెన్నై వీధుల్లో ఒక్కసారి నడిస్తే చాలు. విరిగిన కుర్చీలు, కాలు ఊడిన బల్లలు, పాత చాపలు అన్నీ మంటల్లో కనిపిస్తాయి. 2018 జనవరి 13న ఆ పొగ మంచుతో కలిసి ఎంత దట్టంగా కమ్ముకుందంటే, మన విమానాశ్రయంలో దిగలేక కొన్ని విమానాలు వేరే ఊళ్లకు మళ్లిపోయాయి. పొగ లేని భోగి చేసుకోండని కాలుష్య నియంత్రణ మండలి ఏటేటా చెబుతూనే ఉంటుంది.

పోనీ కాల్చకుండా పారేస్తే? పారేసినవి ఎక్కడికీ మాయమైపోవు. కొడుంగైయూరుకో పెరుంగుడికో, ఆ చెత్త దిబ్బల మీదికే చేరతాయి. ఒక టేకు చెట్టు బల్లకు పనికొచ్చేంత లావు కావడానికి ఎన్నో దశాబ్దాలు పడుతుంది. దాన్ని ఒక్క ఉదయంలో బూడిద చేయడం న్యాయం కాదు. కారైకుడిలో మునీశ్వరన్ కోవిల్ వీధి ఉంది. చెట్టినాడులో పాత ఇళ్లు విప్పేసినప్పుడు వచ్చిన తలుపులు, స్తంభాలు, పెట్టెలు అక్కడి కొట్లలో అమ్ముతారు. ఆ ఇళ్ల కోసం ఒకప్పుడు బర్మా నుంచి ఓడల మీద టేకు తెప్పించుకున్నారు. కట్టినవాళ్లు పోయారు, ఇళ్లు పోయాయి, చెక్క మాత్రం ఇంకొకరి ఇంటికి తలుపుగా వెళుతోంది.

కాబట్టి పాత సామాను బాగుచేసి, రంగు వేసి మళ్లీ వాడుకోవడం మంచిదని వేరే చెప్పక్కర్లేదు. నా ప్రశ్న దాని తరువాతది. అలా రంగు వేసిన వస్తువును ఇంకొకరికి అమ్మినప్పుడు, లేదా ఇచ్చినప్పుడు, రంగు కింద ఏముందో మనం చెప్పాలా? వాళ్లు అడిగితే చెబితే సరిపోదా?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. మా అత్తయ్య పెళ్లైన కొత్తలో ఒక పాత సామాన్ల కొట్లో మంచం కొన్నది. నిగనిగలాడే కాఫీ రంగు, ఇంకా వాసన కూడా పోలేదు. మూడు నెలలు తిరిగేసరికి మంచం కింద రోజూ గోధుమపిండిలాంటి పొడి రాలడం మొదలైంది. అది చెక్కను తొలిచే పురుగు పని. రంగు వేసినవాళ్లు ఆ సన్న రంధ్రాల్లో లప్పం కూరి, పైన రెండు పూతలు కొట్టేశారు. రంధ్రం మూసినంత మాత్రాన లోపలి పురుగు చావదు. తినాల్సినంత తిని, ఇంకో చోట రంధ్రం చేసుకుని బయటికి వస్తుంది. అత్తయ్య వెళ్లి అడిగితే, "చూసుకునే కదమ్మా కొన్నారు?" అన్నారట.

చూసుకునే కొన్నది, నిజమే. కానీ చూడాల్సింది కనబడకుండా చేసింది ఎవరు?

వేమన మేడిపండు పద్యం మనందరికీ నోటికొచ్చిందే. అయితే మేడిపండు కావాలని పురుగులను దాచదు, దాని పుట్టుకే అంత. ఆ మంచంలో పురుగును మాత్రం ఒక మనిషి కూర్చుని, లప్పం కలిపి, బ్రష్షు పట్టుకుని దాచాడు. తేడా అక్కడుంది.

మా మామయ్య లా చదువుతున్నాడు. ఈ మంచం సంగతి వచ్చినప్పుడు అతను ఒక గుర్రం ఉదాహరణ చెప్పాడు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 17వ సెక్షన్ మోసం అంటే ఏమిటో వివరిస్తుంది. తెలిసిన విషయాన్ని ఎదుటివాణ్ని మోసగించడానికి పనిగట్టుకుని దాచిపెట్టడం మోసం. ఊరికే మౌనంగా ఉండడం మాత్రం మామూలుగా మోసం కిందికి రాదు. దీనికి ఉదాహరణ చట్టంలోనే ఉంది. ఒకడు లోపమున్న గుర్రాన్ని వేలంలో అమ్ముతాడు. లోపం సంగతి తెలుసు, కానీ ఏమీ చెప్పడు. అది మోసం కాదు. కొనేది అప్పుడే మేజరైన అతని కూతురే అయితే మాత్రం చెప్పి తీరాలి. ఇంకొక సందర్భం: కొనేవాడు "నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను" అంటాడు. అప్పుడు అమ్మేవాడు నోరు మెదపకపోతే, ఆ మౌనం మాట్లాడినట్టే లెక్క.

పురుగు రంధ్రాల్లో లప్పం కూరడం మౌనం కాదు. అది చేత్తో చెప్పిన అబద్ధం. కాబట్టి అత్తయ్య మంచం విషయంలో నాకు సందేహం లేదు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది కూతురి ఉదాహరణ. అదే గుర్రం, అదే లోపం, అదే మౌనం. కొనేది కూతురైతే మాత్రం చెప్పాలి. అంటే చెప్పడం ఎలాగో మనకు తెలియక కాదు, ఎవరికి చెప్పాలో లెక్క వేసుకుంటున్నాం. సొంత మనిషికైతే "ఆ కాలు కొంచెం ఊగుతుందమ్మా, జాగ్రత్త" అంటాం. ముక్కూ మొహం తెలియనివాళ్లకైతే ఊరుకుంటాం. చట్టం ఇంతకన్నా ఎక్కువ అడగలేదేమో. కానీ ధర్మం అడగాలి కదా! కొనడానికి వచ్చిన ప్రతివాళ్లూ ఎవరో ఒకరి కూతురో కొడుకో అయ్యే ఉంటారు.

ఈ మాట మా తరగతిలో అంటే ఒక స్నేహితురాలు ఒప్పుకోలేదు. "అలాగైతే ఎవరూ రంగే వేయకూడదు. పండక్కి గోడలకు సున్నం కొట్టేది మరకలు దాచడానికే కదా, అదీ మోసమేనా?" అంది. మంచి ప్రశ్నే. దీనికి కొండపల్లి బొమ్మను చూడాలి. తెల్ల పొణికి అనే తేలికైన చెక్కతో ఆ బొమ్మల భాగాలు చెక్కి, మక్కుతో అతికి, పైన రంగులు వేస్తారు. అతుకులు రంగు కిందికి వెళ్లిపోతాయి. అయినా అది మోసమని ఎవరూ అనరు. కొనేవాళ్లకు అది అతికిన చెక్కబొమ్మే అని తెలుసు. అతుకు తెలిసినా కొంటారు. కప్పడం వేరు, మోసగించడం వేరు. నా పరీక్ష ఇది: రంగు గీకి లోపలిది చూపిస్తే కొనేవాళ్లు అప్పుడూ అదే మాట మీద ఉంటారా? ఉంటారంటే ఆ రంగు అందం కోసం. వెనక్కి తగ్గుతారంటే ఆ రంగు మోసం కోసం.

నిజానికి పని తెలిసిన వడ్రంగి రంగు డబ్బా అన్నిటికన్నా చివర తెరుస్తాడు. ముందు చెక్కను బాగా ఆరనిస్తాడు. ఊగే అతుకులు విప్పి, బంక పెట్టి బిగిస్తాడు. పుచ్చిన ముక్క కోసేసి మంచి ముక్క అతుకుతాడు. పురుగుమందు పట్టిస్తాడు. గరుకు కాగితంతో రుద్దుతాడు, ప్రైమర్ వేస్తాడు, లప్పం పెడతాడు, మళ్లీ రుద్దుతాడు. ఆ తరువాతే రంగు. ఇన్ని పనుల్లో పైకి కనబడేది రంగు ఒక్కటే. పాత వస్తువుకు కొత్త ప్రాణం పోసేది రంగు అని మనం అనుకుంటాం కానీ, ప్రాణం పోసేది రంగు కింద కనబడని పని. ఆ పని చేయకుండా రంగు మాత్రం కొడితే అది పైన పటారం, లోన లొటారం.

ఇంకొక అభ్యంతరం కూడా ఉంది, అది నాకు కష్టంగా అనిపించింది. నిజం చెబితే ధర తగ్గుతుంది. పాత సామాన్లు అమ్మేవాళ్లు కూడా పేదవాళ్లే, వాళ్ల పొట్ట ఎలా గడుస్తుంది? ఇది మా ఇంట్లోనే ఎదురైంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు వేళచ్చేరిలో మా ఇంట్లోకి నీళ్లు వచ్చాయి. చెక్క బీరువా అడుగుపలక పొట్టు అట్టది కావడంతో నీళ్లకు ఉబ్బిపోయింది. అలాంటి అట్ట ఒకసారి ఉబ్బితే ఆరినా మునుపటి గట్టిదనం రాదు. తాతయ్య దాన్ని తీసేసి వేరే పలక వేశారు. పక్క పలకలు కూడా కింద రెండు అంగుళాల మేర ఉబ్బాయి, వాటిని మార్చడం కుదరలేదు. ఆరబెట్టి, రుద్ది, ఆకుపచ్చ రంగు వేశారు. చూడముచ్చటగా తయారైంది. దాన్ని అమ్మేద్దామనుకున్నప్పుడు అమ్మ, "మామయ్యా, ఇప్పుడు చూస్తే ఎవరికీ తెలియదు, మూడు వేలు వస్తాయి" అంది. తాతయ్య, "తెలియదనే కదమ్మా చెప్పాల్సింది. తెలిసేదైతే మనం చెప్పే పనేముంది?" అన్నారు.

కొనడానికి వచ్చినవాళ్లకు వంగి, కింద ఉబ్బిన చోటు చేత్తో తడిమి చూపించారు. వాళ్లు 2,200 ఇచ్చి తీసుకెళ్లారు. ఆ ఎనిమిది వందలు మాకు చిన్న డబ్బు కాదు, అమ్మ చాలా రోజులు తలుచుకుంది. కానీ ఆలోచిస్తే, ఆ ఎనిమిది వందల నష్టం తుపాను నాడే జరిగిపోయింది. చెప్పకుండా ఉంటే నష్టం పోదు, చేతులు మారుతుంది, అంతే. ఎవరి చేతికి? కొత్తది కొనే స్తోమత ఉన్నవాళ్లు పాత బీరువా కొనరు. పాతది కొనేవాళ్లు మనలాంటివాళ్లే, లేదా మనకన్నా కింద ఉన్నవాళ్లే. పైగా సంగతి తెలిసినవాళ్లు దాన్ని తడి గోడకు దూరంగా, ఇటుకల మీద ఎత్తి పెట్టుకోగలరు. తెలియనివాళ్లు ఎక్కడో అక్కడ పెడతారు, అది తొందరగా పాడవుతుంది. నిజం చెప్పడం మనిషికే కాదు, వస్తువు ఆయుష్షుకు కూడా మంచిది.

మరి ఊరికే ఇచ్చేదానికి కూడా చెప్పాలా? దానమిచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెట్టకూడదని సామెత. అది పుచ్చుకునేవాళ్లకు చెప్పిన మాట. ఇచ్చేవాళ్లకు దాన్ని తిప్పి చెబితే, పుచ్చుకునేవాళ్లు అడగలేరు కాబట్టి మనమే ముందుగా చెప్పాలి అని అర్థం వస్తుంది. వరదల తరువాత పాత మంచం ఊరికే ఇస్తే, "దీనికి పురుగుందా?" అని ఎవరు అడుగుతారు? అడగడానికి మొహమాటం. అడగలేనివాళ్ల దగ్గర మౌనం ఇంకా పెద్ద తప్పు.

అసలు మాటలే రానివాళ్లు కూడా ఉన్నారు. పసిపిల్లలు రంగు వేసిన ఉయ్యాల కమ్మీ కొరుకుతారు. పాతకాలం రంగుల్లో సీసం ఎక్కువగా ఉండేది, అది పిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు మించకూడదని మన దేశంలో 2016లో నియమాలు చేశారు, అవి 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు వేసిన రంగు మీద గరుకు కాగితం పట్టించేటప్పుడు తడిపి రుద్దాలి, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి, పిల్లలను దూరంగా ఉంచాలి, రాలినదంతా తడిగుడ్డతో తుడిచెయ్యాలి. ఇది కూడా రంగు కింద ఏముందో పట్టించుకోవడమే.

మిత్రులారా, చివరగా ఒక చిన్న పని చెబుతాను. మీ ఇంట్లో పాత కుర్చీకో బల్లకో ఈసారి రంగు వేస్తే, దాన్ని తిరగేసి, రంగు తగలని చోట పెన్సిలుతో నాలుగు మాటలు రాయండి. ఎప్పుడు బాగుచేశారు, ఏ పలక మార్చారు, ఎక్కడ పురుగు పట్టింది, ఏ రంగు వేశారు. రేపు అది ఎవరి ఇంటికి వెళ్లినా వాళ్లు తిరగేసి చదువుకుంటారు. అలా రాయడానికి చెయ్యి రాలేదంటే, ఆ బల్లకు రంగు వేసే వేళ ఇంకా కాలేదని అర్థం. బ్రష్షు పక్కన పెట్టి, మళ్లీ గరుకు కాగితం అందుకోవాలి.