శక్తి యుడిగినవారి యెడ ధర్మము

పనిచేయలేని ప్రాణికి లోకమున విలువ యున్నదా? ఈ ప్రశ్నకు తేనెపట్టు ఒక సమాధానము చెప్పుచున్నది. దానిని మనము అట్లే గ్రహింపవచ్చునా యన్నది విచారణీయము.

మన దేశపు తేనెటీగ చెట్టుతొర్రలోను, చట్రములు గల చెక్కపెట్టెలోను కాపురముండును. రామగుండము, గోదావరిఖని వంటి బొగ్గుగనుల ఊళ్లలో సైతము పెరటి మునగ, వేప, చింత పూచినపుడు దానికి మేత దొరకును. పెట్టెను పరీక్షించువారు గాలి లేని వేళ కొద్దిగా పొగ వేసి, చట్రముల నొక్కొక్కటిగా పైకెత్తి చూతురు. రాణి కంటబడనక్కరలేదు. గదికొక గుడ్డు చొప్పున కనబడినచో, గడచిన 3 దినములలో రాణి అచట నుండినదని రూఢి. పిల్లగదులు ఎడములేక వరుసగా నున్నచో ఆమె బలముగా నున్నది. అవి చెదరియుండి, పనియీగల గదులలో పోతుటీగల పిల్లలు ఉబ్బెత్తు మూతల క్రింద పెరుగుచున్నచో ఆమె శక్తి సన్నగిల్లినదని తెలియవలెను. ఏలయన, రాణి తొలి వయస్సున కొద్ది దినములే పోతుటీగలతో కలిసి, ఆ బీజమును జీవితాంతము దాచుకొనును. అది తరిగినపుడు పెట్టు గుడ్లనుండి పోతుటీగలే పుట్టును.

అప్పుడు పనియీగలే రాణిగదులు కట్టి, అందలి పిల్లలకు తమ తలలోని గ్రంథులనుండి స్రవించు ప్రత్యేకాహారమును మేపును. సుమారు 16 దినములలో కొత్త రాణి వెలువడును. ఒక్కొక్కయెడ తల్లియు కూతురును కొంతకాలము కలిసియుండును. తుదకు పాతది లేకుండపోవును. పెంపకందారులు పలువురు అంతవరకు ఆగక పాత రాణిని చంపి, కొత్తదానిని చిన్న పంజరములో నుంచి ఈగలకు అలవాటు చేయుదురు. ఒక ప్రాణికొరకు వేల ప్రాణులు నశింపరాదని వారి వాదము. అది త్రోసిపుచ్చదగినది కాదు. కాని నేరము నిజముగా రాణిదేనా యని ముందు విచారింపవలెను. మేత కరవైనను, రోగము సోకినను పట్టు క్షీణించును. 1990ల తొలినాళ్లలో థాయ్ శాక్‌బ్రూడ్ వైరసు దక్షిణ భారతమున అసంఖ్యాకమగు పట్టులను నాశనము చేసినది. అందు రాణుల దోషమేమున్నది?

ఇక మన ఇండ్ల సంగతి. సింగరేణిలో వైద్యపరీక్షయందు అనర్హుడని తేలిన కార్మికునికి బదులుగా వారసునికి ఉద్యోగమిచ్చు ఏర్పాటు కలదు. కుమారుడు గనిలో దిగును. తండ్రి ఇంట కూర్చుండును. పైకి ఇదియు తేనెపట్టు రీతివలెనే తోచును. కాని పట్టు తన ఋణము నెరుగదు; మనుష్యు డెరుగును. తండ్రి తన యూపిరితిత్తులను గనికి ధారపోసినందుననే కుమారునికి ఆ జీతము లభించినది. అట్టి వానిని ఇంట భారముగా చూచుట ఈగల ధర్మము కావచ్చును గాని మానవ ధర్మము కానేరదు.

బసవేశ్వరుడు కాయకముతోపాటు దాసోహమును బోధించెను. చేయగలవాడు శ్రమించుటయు, చేయలేనివానితో దానిని పంచుకొనుటయు విడదీయరానివి. పెట్టెలోని రాణిని మార్చుట తప్పనిసరి కావచ్చును. ఇంటిలోని వృద్ధునికి మాత్రము బదులు లేదు. అతని పని మాత్రమే మరియొకరికి సంక్రమించును. అతని పీట అతనిదిగనే యుండవలెను.