మూఢమూ మోహమూ

మొన్న మా అబ్బాయి పరీక్షకు బయల్దేరుతుంటే ఎవరో తుమ్మారు. "ఒక్క క్షణం కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళు నాన్నా" అన్నాను. వాడు నవ్వి, "నవలలు రాసే నీకు కూడా మూఢనమ్మకాలేమిటమ్మా?" అన్నాడు. నీళ్ళు మాత్రం తాగే వెళ్ళాడు. ఆ మాటే నా మనసులో ఉండిపోయింది.

పనయ్యాక నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నాను. 'మూఢ' అన్న మాటకు మూలం సంస్కృతంలో 'ముహ్' ధాతువు. తెలివి మసకబారటం, దారి తోచకపోవటం అని అర్థం. 'మోహం' పుట్టిందీ అందులోంచే! గురుడో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరై కంటికి ఆనకపోతే మూఢం వచ్చిందని పెళ్ళిళ్ళు ఆపేస్తాం, చూడండి, అదీ ఈ మాటే. చీకట్లోనే కాదు, వెలుగెక్కువైనా కనపడదన్నమాట.

ఇంగ్లీషువాళ్ళ 'సూపర్‌స్టిషన్' లాటిన్ నుంచి వచ్చింది. క్రీస్తుపూర్వం 45లో రోము రచయిత సిసిరో దాని పుట్టుక గురించి ఒక సంగతి రాశాడు. తమ తదనంతరం కూడా తమ బిడ్డలు బతికుండాలని రోజంతా ప్రార్థనలు చేసి, బలులిచ్చేవాళ్ళకి ఆ పేరొచ్చిందట. పండితులంతా దీన్ని ఒప్పుకోరు. నాకు మాత్రం కళ్ళు చెమర్చాయి. బిడ్డల చేతులమీదుగా వెళ్ళిపోవాలని కోరుకోని తల్లి ఉంటుందా?

హమ్మయ్య, నా మంచినీళ్ళ గ్లాసులో తప్పేం లేదనుకుంటుండగా దొడ్డమ్మ గుర్తొచ్చింది. చిన్నతనంలోనే భర్త పోయి మా ఇంట్లోనే ఉండేది. నా పరీక్షరోజున తెల్లారకుండానే లేచి, స్నానం చేసి, నాకు పెరుగన్నం కలిపి పెట్టేది. తీరా నేను బయల్దేరే వేళకి వంటింటి తలుపు వెనక్కి తప్పుకునేది. తను ఎదురొస్తే నాకు చెడుపు జరుగుతుందని భయం. అలా తప్పుకోవద్దని మా ఇంట్లో ఒక్కరూ అనలేదు.

తలుపు సందులోంచి నన్ను చూసిన ఆ కళ్ళలో ఉన్నది మూఢత్వమా, మోహమా? రెండూనేమో. ప్రేమలోంచి పుట్టిన భయాన్ని చూసి నవ్వనక్కర్లేదు. కాని దాని ఖరీదు ఎవరు కడుతున్నారో చూసుకోవద్దూ? నా భయం గ్లాసుడు నీళ్ళతో పోయింది. మా ఇంటిల్లిపాది భయానికీ ఖరీదు కట్టింది దొడ్డమ్మ ఒక్కతే.

"దొడ్డమ్మా, నువ్వే ఎదురు రా" అనటానికి ఆనాడు నాకు నోరు రాలేదు. అందామంటే ఇవాళ ఆవిడ లేదు.